భరణి పట్టా

పాలియెస్టరు గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనిస్తే మెరుపు తేలుతుంది. ఒకసారి తేలిందంటే ఇక పోదు. అందుకని భరణి ముందు తడిపి పిండిన పల్చటి నూలు గుడ్డ పరిచి, దాని మీద పెట్టె నడిపి, ఆవిరి లేచీ లేవగానే గుడ్డ లాగేసేది. పట్నం మధ్య చూలైలోని వరదయ్య కొట్లో ఈ పని ఆమెకంటే బాగా చేసేవాళ్ళు లేరు. ఆ మాట వరదయ్యే అంటాడు, ఆమె జీతం పెంచమని అడగని రోజుల్లో.

వరదయ్య నల్ల గౌన్లు అద్దెకిస్తాడు. ఏ కాలేజీలో డిగ్రీలిచ్చే పండుగ జరిగినా, పిల్లలు వేసుకునే గౌన్లూ వాళ్ళ భుజాల మీదుగా వేలాడే రంగు శాటిన్ పట్టీలూ చాలావరకు ఈ ఇరుకు కొట్లోంచి వెళ్ళినవే. హాస్టల్లో ఉంటూ, పగలంతా వాటిని ఇస్త్రీ చేసి, సాయంత్రం కాలేజీకి పోయి బి.బి.ఏ. చదివింది భరణి. పుస్తకాన్ని బల్ల చివర నీళ్ళ చెంబుకు ఆనించి చదివేది కాబట్టి ఆమె మార్కెటింగు పుస్తకం ఆవిరికి ఉబ్బి రెండింతలు లావైంది. ఇక ఆదివారాలు పట్నం చివర ఉన్న ఎన్నూరువి. అక్కడ అమ్మ, నాయన ఉంటారు. పరీక్షలున్నా సరే, ఆదివారం బండెక్కకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆఖరి ఫలితాలు వచ్చాయి. శనివారం పండుగ. ఆ గౌన్లు కూడా వరదయ్యవే.

"శనివారం నాకు లీవు కావాల సార్," అంది భరణి.

వరదయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "లీవెందుకమ్మాయ్? గౌన్లు పోయేదీ నీ కాలేజీకే, నువ్వు పోయేదీ ఆడికే. పొద్దున టేబుల్ కాడ కూచోని అందరికీ గౌన్లియ్యి. నీ పేరు పిలిస్తే పోయి తీసుకో. మళ్ళొచ్చి గౌన్లు వాపసు తీసుకో. డ్యూటీకి డ్యూటీ, పట్టాకి పట్టా."

"డిగ్రీ సార్."

"డిగ్రీ అనేది హోటల్లో తాగే కాపీకి. చదువుకైతే పట్టా అనాల. మనోళ్ళ మాట చక్కంగా ఉండగా ఇంగ్లీషు దేనికి?"

తనతోపాటు చదివినవాళ్ళు పూలు పెట్టుకుని వస్తుంటే, తను వాళ్ళ కొలతలు చూసి గౌన్లు అందించాలి. భరణికి ఒళ్ళు మండింది. అయినా తలూపి, పెట్టె మళ్ళీ వేడెక్కిందో లేదో తడి వేలితో చూసుకుంది. పట్టా అన్న మాట మాత్రం బాగుందనిపించింది.

*

ఆ ఆదివారం ఎన్నూరులో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. స్టేషను నుంచి లారీల రోడ్డు దాటి, వాగు గట్టు వెంబడి నడిస్తే వాళ్ళ వీధి. కరెంటు ఫ్యాక్టరీ బూడిద కలిసి వాగు నీళ్ళు సిమెంటు రంగులో ఉన్నాయి. ఇంటి ముందు గోడ మీద ఎర్ర రంగుతో ఒక నెంబరు వేసి ఉంది.

"ఇదేంది నాయనా, కొత్తగా?"

"ఏముండాది, ఎలక్షనోళ్ళు యేసిపొయ్యింటారు," అన్నాడు గోపాలస్వామి.

ఆయన ఒకప్పుడు బొగ్గు దించే కూలీ. ఇప్పుడు దగ్గే ఆయన పని. మాట మధ్యలో దగ్గు, ముద్ద మధ్యలో దగ్గు. భరణి తల్లి అమ్మణి రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోయింది. భరణి గంజి వార్చి, నాయనకు పళ్ళెంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నాయనా, శనివారం నాకు డిగ్రీ ఇస్తారు."

"డిగ్రీ కాపీనా?" అని నవ్వాడాయన. ఆ మాట కాఫీ కొట్టు బోర్డు మీద తప్ప ఆయనకు తగిలింది లేదు. తమిళంలో పట్టం అందామంటే అది గాలిపటం కూడా అవుతుంది, మళ్ళీ నవ్వుతాడు. నాయనకు తెలిసే మాట చెప్పాలనుకుంది భరణి. వరదయ్య గుర్తొచ్చాడు.

"పట్టా నాయనా. నాకు పట్టా ఇస్తారు."

గోపాలస్వామి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"పట్టానా? నీ పేరు మీదనా?"

"నా పేరు మీదనే. ఇంకెవురి పేరు మీదిస్తారు?"

"ఎవురు పాపా ఇచ్చేది?"

"కలెక్టరుగా జేసి రిటైరైన ఆయన ఒకరొస్తారు. స్టేజీ మీదికి పిలిచి చేతికిస్తారు. పోటో గూడా తీస్తారు. నువ్వు రావాల నాయనా."

ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. ఇంటి కప్పు వైపు చూశాడు. ఎడమ చేత్తో ద్వారబంధాన్ని పై నుంచి కింది దాకా నిమిరాడు. "కలెక్టరు చేతి మీదగా... నా బిడ్డకు..." అంటూ గడప మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకోబోయి అన్నం చెయ్యి అని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకున్నాడు.

తన చదువంటే నాయనకు ఇంత విలువని భరణి ఏనాడూ అనుకోలేదు. ఆమెకూ ఏడుపొచ్చింది. తిరుగు బండిలో బేసిన్ బ్రిడ్జి స్టేషను వచ్చేదాకా ఆ సంతోషాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది పిచ్చిది.

*

శుక్రవారం మధ్యాహ్నం గౌన్లన్నీ సర్దడం అయ్యాక, కాగితం చుట్టలు చుట్టే పని మిగిలింది. స్టేజీ మీద ఇచ్చేది అసలు సర్టిఫికెట్టు కాదు. అది యూనివర్సిటీ నుంచి తర్వాతెప్పుడో వస్తుంది. ఫోటో కోసం తెల్ల కాగితాన్ని చుట్ట చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి ఇస్తారు. ఆ చుట్టలు కూడా వరదయ్య సరఫరాయే. "ఏమీ రాయలేదు గాబట్టి తప్పులుండవు," అని ఏటా ఒకే జోకు వేస్తాడు. కాగితాన్ని చపాతీ కర్రకు చుట్టి, కర్ర లాగేసి, రిబ్బను మరీ బిగించకుండా ముడి వెయ్యాలి. బిగిస్తే నడుము నలుగుతుంది. ఇందులో తన చేతికి ఏది వస్తుందో అనుకుంటూ భరణి ప్రతి ముడినీ శ్రద్ధగా వేస్తోంది.

ఫోను మోగింది. ఎన్నూరులో పక్కింటి మునియక్క.

"ఏం భరణీ, మాకెవురికీ లేని పట్టా నీ ఒక్కదానికి ఎట్టొచ్చె? మా పేరు గూడా ఒక మాట జెప్పుండకూడదా? నిన్ను ఎత్తుకోని తిప్పిన చేతులు కావా ఇవి?"

"పట్టా ఏందక్కా?"

"దాయొద్దులే. వీదంతా తెలుసు. మీ నాయన కనపడినోళ్ళకంతా జెప్తా ఉండాడు, శనివారం కలెక్టరు పిలిచి నా బిడ్డ పేరు మీద ఇంటి పట్టా ఇస్తాడని."

భరణి చేతిలోని కాగితం తనంతట తాను విచ్చుకుంది.

మునియక్క ఆగలేదు. వాగు వెడల్పు చేస్తారట. పట్టా లేని ఇళ్ళన్నీ కొట్టేస్తారట. ఎర్ర నెంబర్లు అందుకేనట. ఊరికి ఆ చివరెక్కడో అంతస్తుల ఇళ్ళు ఇస్తారట, కార్పొరేషను స్కూల్లో కూర్చుని పేర్లు రాసుకుంటున్నారట. భరణికి పరీక్షలని అమ్మా నాయనా ఈ సంగతి నోటి చివరికి కూడా రానివ్వలేదు.

"మీ నాయన స్కూలు కాడికి పొయ్యి, మీ మూడో అంతస్తు మాకొద్దు సార్, మాకు పట్టా వస్తా ఉండాది అని దండం పెట్టి వచ్చేసినాడు. రేపు సాయంత్రంతో సరి. ఆ పైన పేరియ్యనోళ్ళకు ఆ ఇల్లూ లేదు, ఈ ఇల్లూ లేదు."

ఆ వీధిలో పట్టా అంటే ఒకటే. పుట్టినప్పటి నుంచి భరణి విన్నదీ అదే. వర్షాకాలం కప్పు కారినా పట్టా రానీ అనేవాళ్ళు, గోడ కూలినా పట్టా రానీ అనేవాళ్ళు. చూలైలో గౌన్ల మధ్య ఉండి ఉండి ఆ సంగతే మరిచిపోయింది. నాయనకు తెలియాలని ఏరి ఏరి చెప్పిన మాట, ఆయనకు నిజంగానే తెలిసింది.

భరణి మునియక్కకు నిజం చెప్పింది. "అయ్యో, కడవుళే, దేవుడా," అంది మునియక్క. "నేనెట్లా జెప్పేది ఆయనకు?"

ఆ తర్వాత భరణి అమ్మకు ఫోన్ చేసింది. అమ్మణి అంతా విని, "నాకు అప్పుడే అనుమానం," అంది. "చదువుకున్నందుకు ఇల్లు యాడన్నా ఇస్తారా? అడగదామంటే ఆయన మొగం చూసి నోరు రాలే. ఈ వారం ఆయన దగ్గకుండా నిద్రపొయినాడు పాపా."

"నువ్వు పొయ్యి పేరియ్యరాదా అమ్మా?"

"పొయినా. ఇంటాయన వచ్చి వేలిముద్ర పెట్టాల అన్నారు."

"అయితే ఈ పొద్దే వచ్చి జెప్పేస్తా."

"కొత్త చొక్కా కుట్టిచ్చుకున్నాడే. ఇప్పుడు జెప్తే ఆడికి రాడు. స్టేజీ మీద నిన్ను చూడనీ. ఆపైన నువ్వే చెప్పి వెంటనే తోడుకోని రా. నేను పొద్దున్నించే ఆ స్కూల్లో కూచోనుంటా."

వద్దనాల్సింది. భరణి అనలేదు. నాయన వెనక వరసలో కూర్చుని తనను చూడాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో అమ్మకు తెలుసు. ఆశపడే హక్కు ఆ పిల్లకు లేదని మాత్రం ఎవరనగలరు?

*

శనివారం భరణి హాలు వరండాలో బల్ల వేసుకుని గౌన్లు పంచింది. పొడుగువాళ్ళకు పొడుగువి, సన్నగా ఉన్నవాళ్ళకు మెడ దగ్గర పిన్నీసు. "ఏయ్ భరణి, నువ్వేంది ఈడ?" అని కొందరు ఆశ్చర్యపోయారు. కొందరు గుర్తుపట్టనట్టు గౌను తీసుకుని పోయారు. తనకోసం చేతులు కురచగా ఉన్నదాన్ని ముందే తీసి, బల్ల కింద సంచిలో పెట్టుకుంది.

గోపాలస్వామి మునియక్కతో వచ్చాడు. నీలం చొక్కా మడతలు ఇంకా విడలేదు. చంకలో ఒక ప్లాస్టిక్ కవరు.

"అదెందుకు నాయనా?"

"పట్టా పెట్టుకునేదానికి. వాన తగిలితే ఎట్టా?"

మునియక్క ఆకాశంలోకి చూసింది. ఏ మాటా కడుపులో దాచుకోలేని మనిషి, ఎన్నూరు నుంచి ఇంత దూరం పెదవి విప్పకుండా వచ్చింది పాపం.

ముఖ్య అతిథి, ఆ రిటైరైన కలెక్టరు, ఆలస్యంగా వచ్చి, ఆ ఆలస్యాన్ని ఉపన్యాసంలో కలుపుకున్నాడు. భరణి చేతి గడియారం చూసుకుంటూనే ఉంది. చివరికి ఆమె పేరు పిలిచారు. మెట్లెక్కి, చెయ్యి చాచి, చుట్ట అందుకుని, ఫోటో వైపు తిరిగింది. హాల్లో వెనక వరసలో ఒక నీలం చొక్కా లేచి నిలబడింది. గోపాలస్వామి రెండు చేతులూ తల మీద జోడించి కలెక్టరుకు దండం పెడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. ఆయనకు అవేవీ పట్టలేదు.

ఆ దండం చూసి భరణి మెట్లు తడబడుతూ దిగింది.

వరండాలో ఆయన చుట్టను రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. రిబ్బను ముడి ఓపిగ్గా విప్పి కాగితం పరిచాడు. ఇటు చూశాడు. అటు తిప్పాడు. వెలుతురుకు పట్టాడు. ఆయనకు చదువు రాదు గానీ, రాసిందానికీ రాయనిదానికీ తేడా తెలుసు.

"ఏమీ రాయలేదే." ఆయన కాగితాన్ని భరణి వైపు తిప్పాడు. "నిన్ను గూడా మోసం జేసినారా పాపా?"

తను మోసపోయినందుకు కాదు, బిడ్డను మోసం చేశారని ఆయన బాధ. భరణి నేల మీద ఆయన పక్కన కూర్చుని, గౌను అంచు నలుపుతూ, అంతా చెప్పింది. ఇది ఇంటి పట్టా కాదని, చదువు పట్టా అని, తప్పు తనదేనని, స్కూల్లో అమ్మ కూర్చుని ఉందని, వెంటనే పోవాలని.

గోపాలస్వామి చాలాసేపు ఆ తెల్ల కాగితం మీద అరచెయ్యి ఆడించాడు.

"వీదంతా జెప్పేసినానే," అన్నాడు.

"పద నాయనా, పోదాం."

అప్పుడే వరదయ్య వచ్చాడు. "యాడికి? గౌన్లు సగం గూడా రాలేదు. ఒక పది మంది పిల్లోళ్ళు గౌన్లతోనే బీచికి పోటోలకు పొయినారు. అన్నీ వచ్చినాకే నువ్వు కదిలేది."

"ఎన్నూరు పోవాల సార్. ఇంటి సంగతి."

"అందరికీ ఉండాది ఇల్లు. ఇప్పుడు పోతే సోమవారం రావద్దు."

భరణి మెడ దగ్గర పిన్నీసు తీసి గౌను విప్పబోయింది. గోపాలస్వామి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇల్లు అట్లుండాది, పని గూడా పోగొట్టుకుంటావా? సాయంత్రం గదా వాళ్ళనింది. సాయంత్రమంటే ఆరు. ఉంటార్లే."

ఆయన బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పిల్లలు విప్పి విసిరేసిన గౌన్లను ఒక్కొక్కటే దులిపి, చేతులు లోపలికి మడిచి, దొంతిలో పెట్టసాగాడు. "ఇట్లనేనా పాపా?" అని మధ్యలో అడిగాడు. అట్లాగే అంది భరణి. ఎంత ఇస్త్రీ చేసి ఏం లాభం అనుకుంది, అయినా ఆయన మడిచిన మడత బాగుంది. ఇద్దరూ పక్కపక్కన ఆ పని చేస్తుంటే మునియక్క దూరంగా నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

బీచికి పోయినవాళ్ళు గౌన్ల నిండా ఇసుకతో తిరిగొచ్చారు.

*

వాళ్ళు ఎన్నూరులో దిగేసరికి ఇంకా ఎండ ఉంది. స్కూలు గేటు దగ్గర ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాన్లో ఒకటి దోపి ఆటోలో ఎక్కిస్తున్నారు. అమ్మణి మెట్ల మీద కూర్చుని ఉంది. వీళ్ళను చూసి లేవలేదు.

"ఇంటాయన వస్తాడు సార్, వస్తాడు సార్ అని నోరు నొప్పెట్టేదాకా జెప్పినా," అంది. "వాళ్ళ సాయంత్రం నాలుక్కే అయిపొయ్యె."

భరణి ఆ కుర్చీల మనుషుల దగ్గరికి పరిగెత్తింది. తమిళంలో అడిగింది, బతిమాలింది. వాళ్ళకేం తెలుసు, కుర్చీలు అద్దెకిచ్చిన కొట్టువాళ్ళు. ఒకడు జాలిగా చూసి, సోమవారం పెద్దాఫీసుకు పోయి అడగమన్నాడు. పెద్దాఫీసంటే ఏదో వాడికీ తెలియదు.

వీధి మలుపులో జనం చేరి ఉన్నారు. పట్టా చూడ్డానికి. "వచ్చిందా?" అని ఎవరో అరిచారు.

మునియక్క ఏదో చెప్పబోయింది. గోపాలస్వామి ఆమెను ఆపి తనే ముందుకొచ్చాడు. ప్లాస్టిక్ కవర్లోని చుట్టను పైకెత్తి చూపించాడు.

"వచ్చింది. ఇంటి పట్టా కాదు. నేనే తప్పుగా ఇన్నా. ఇది చదువు పట్టా. ఈ వీదిలో మొదటిది నా బిడ్డదే."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అందరూ ఒక్కొక్కరే భరణి తల మీద చెయ్యి పెట్టి తమ తమ ఎర్ర నెంబర్ల వెనక్కి వెళ్ళిపోయారు.

*

మరునాడు ఆదివారం. రాత్రి భరణి చూలైకి తిరిగి పోలేదు. పొద్దున గోపాలస్వామి దగ్గుతూ లేచి, కవర్లోంచి తెల్ల కాగితం తీసి మళ్ళీ చూశాడు.

"రాసింది ఎప్పుడిస్తారు పాపా?"

"నెలలు పట్టుద్ది నాయనా. యూనివర్సిటీ నుంచి పోస్టులో వస్తుంది."

"యాడికొస్తుంది?"

"ఇంటికే."

చెప్పాక గానీ భరణికి తట్టలేదు. పరీక్ష ఫీజు కట్టిన రోజు దరఖాస్తులో ఈ ఇంటి అడ్రసే రాసింది. హాస్టల్ది వద్దనుకుంది. పట్టా వచ్చేది నాయన చేతికి రావాలని, డోర్ నెంబరూ వీధి పేరూ విడివిడిగా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

గోపాలస్వామి తల తిప్పి, తలుపులోంచి కనిపించే గోడ చివర ఎర్ర రంగు వైపు చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. ఈసారి తప్పుగా వినలేదు.

"పోస్టుమాను మంచోడే," అన్నాడు కాగితాన్ని చుట్టుకుంటూ. "పొయ్యేటప్పుడు ఆయనకు జెప్పి పోదాంలే."

రిబ్బను ముడి ఆయనకు సరిగ్గా రాలేదు. భరణి అందుకుని, నలగకుండా మెల్లగా కట్టింది. పోస్టుమానుకు ఏ అడ్రసు చెప్పాలో ఆయన అనలేదు, ఆమె అడగలేదు.